డ్రాగన్ నవలలో లేని అధ్యాయం

1999లో నేను మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో లైబ్రేరియన్‌ని. చుట్టూ ఏనుగుల మందలాంటి బండరాళ్లు, మధ్యలో అద్దాల మేడ, మూడో అంతస్తులో నా సామ్రాజ్యం. మొత్తం పదకొండు బీరువాలు. వాటిలో పదిన్నర బీరువాల నిండా కోబాల్ అనే కంప్యూటర్ భాష మాన్యువళ్లే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోయి పిచ్చెక్కిపోతాయని ప్రపంచం వణుకుతున్న రోజులవి. అందుకే ఆ పాత భాష కోసం జనం ఎగబడేవారు. మిగిలిన అర బీరువాలో నవలలు. అందులో ఒక నవల నా కడుపుమంటకు కారణం.

అది డ్రాగన్ల నవల. చూస్తే ఇటుక, ఎత్తితే రోలు. కాపీ ఒక్కటే. దాని రిజర్వేషన్ జాబితా, అంటే పుస్తకం తిరిగి రాగానే ఎవరికివ్వాలో వరసగా పేర్లు రాసుకునే కాగితం, విప్పితే నా టేబుల్ మీంచి లిఫ్టు దాకా పరుచుకునేది. అందులో మొట్టమొదటి పేరు నాదే. కానీ మా వృత్తిలో ఒక ధర్మం ఉంది. పాఠకుడు ఎదురుచూస్తుండగా లైబ్రేరియన్ చదవకూడదు. అలా నా పేరు జారి జారి ఏడాదిన్నరలో అట్టడుక్కి చేరింది. ఈలోగా కంపెనీలో సగం మందికి పైగా చదివేశారు.

క్యాంటీన్‌లో ఏ బల్ల దగ్గర కూర్చున్నా అదే గోల. "అబ్బ, కొండ కనుమలో డ్రాగన్ నోట్లో నిప్పు ఆరిపోయినప్పుడు..." అని ఒకరు నిట్టూరిస్తే, పక్కవాళ్లు చెంచా వదిలేసి కళ్లు తుడుచుకునేవారు. పెళ్లికొడుక్కే విస్తరి దొరకని పెళ్లిలా ఉండేది నా బతుకు. చివరికి అబద్ధానికి దిగాను. "మీరు చదివారా సార్?" అని ఎవరైనా అడిగితే, "ఎప్పుడో! రెండుసార్లు!" అనేవాణ్ని.

ఒక శుక్రవారం టెస్టింగ్ విభాగం పద్మజ ఆ ఇటుకను తెచ్చి నా టేబుల్ మీద దబ్బున పెట్టింది.

"ఇందులో పేజీలు పోయాయండీ. నిప్పారిపోయాక డ్రాగన్ ముసలమ్మ గుడిసెకు నిప్పు అడగడానికి వెళ్తుంది చూడండీ, ముందు అదే చదువుదామని వెతికితే, ఆ అధ్యాయమే లేదు."

"అయ్యో, ఆ అధ్యాయమా! పుస్తకానికి ప్రాణమే అదండీ," అన్నాను. నా నోరు అంతే.

ఆమెకు ముందు పుస్తకం తీసుకున్నది ప్రభాకర్, కొత్తగా చేరిన ప్రోగ్రామర్. వెంటనే అతని లైబ్రరీ కార్డు ఆపేశాను. పాపం, పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"నేను చింపలేదండీ. గురువారం నాకు కోబాల్ పరీక్ష ఉంది. గట్టెక్కితేనే ప్రాజెక్టు. కార్డు ఆపేస్తే మాన్యువల్ ఎలా తీసుకెళ్లనండీ?"

"చింపేముందు ఆలోచించాల్సింది."

"మీరు రెండుసార్లు చదివారు కదా. ఏ పేజీ పోయిందో చూపించండి చాలు."

చదివినవాళ్లు ఆఫీసు నిండా ఉన్నారు. ఎవరినడిగినా క్షణంలో తేలిపోతుంది. కానీ అడిగితే నేను చదవలేదన్నదీ తేలిపోతుంది! "సోమవారం చూద్దాం," అని అతన్ని పంపేసి కొలేషన్ మొదలుపెట్టాను. అంటే పేజీలు వరసగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటే సరిచూడటం. ఎనిమిది వందల పన్నెండు పేజీలు. ఒక్కటీ పోలేదు.

ఫిర్యాదులో ఉన్న పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వకూడదు గనక దాన్ని ఇంటికి మోసుకెళ్లాను. అమీర్‌పేట చేరేసరికి నా కుడిచెయ్యి మూరెడు సాగింది. రెండు రోజులూ స్నానపానాలు మాని చదివాను. బాగుందనడానికి ప్రాణం ఒప్పుకోలేదు గానీ, బాగానే ఉంది. నిప్పు ఆరే ఘట్టమూ వచ్చింది. తర్వాత? రాజుగారు ఒక మణి తెచ్చి డ్రాగన్ నోట్లో వేస్తాడు, భగ్గున మండుతుంది. అర పేజీలో సరి. ముసలమ్మ లేదు, గుడిసె లేదు.

సోమవారం పద్మజను పట్టుకున్నాను. "ఆ అధ్యాయం మీకెవరు చెప్పారు?"

"మా బస్సు డ్రైవర్ యాదగిరండీ."

ఆ సాయంత్రం కోబాల్ మాన్యువల్ సంచిలో వేసుకుని, మా ఇంటికి సరిగ్గా ఎదురు దిక్కున పోయే శేరిలింగంపల్లి స్టాఫ్ బస్సెక్కాను. ప్రభాకర్, పద్మజ ఇద్దరూ అందులోనే ఉన్నారు. దారిలో రైల్వే గేటు పడింది. మామూలుగా గేటు పడితే జనం తిడతారు. ఇక్కడ చప్పట్లు కొట్టారు! యాదగిరి ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు.

"ఆఁ, యాడిదాంక వచ్చినం? అవ్వ గడప కాడ. డ్రాగన్ గింత తల వంచి, 'అవ్వా, జర ఇన్ని నిప్పులియ్యవా' అన్నది. అవ్వ ఏమన్నది? 'కూసో బిడ్డా. పొయ్యిల బూడిద కింద ఉంటయి, ఊదాలె. నీ ఊపిరి నీకు తక్కువైతే నా ఊపిరి ఇస్త' అన్నది."

నలభై ఏళ్ల మనిషిని, లైబ్రరీ సైన్సులో పట్టా ఉన్నవాణ్ని, నా కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే కడుపులో అసూయ కూడా భగ్గుమంది. దానికి ఏ మణీ అక్కర్లేకపోయింది.

"యాదగిరీ, ఇది నీకెవరు చెప్పారు?"

"నిప్పారేదాంక ఈ గేటు కాడనే ప్రభాకర్ సారు చెప్పిండు సార్. ఇంతల సారుకు వారం దినాలు షిఫ్టు మారె. గేటేమో తియ్యరు, వీళ్లేమో ఊకోరు. నిప్పారితే ఎవలైనా ఏం జేస్తరు? పక్కింటికి వోతరు. మా అవ్వ గట్లనే తెచ్చేది." ఆ వెంటనే నన్నే అడిగాడు. "బుక్కుల ఏమున్నది సార్? మీరు రెండుసార్లు సదివిన్రంట గద?"

బస్సంతా నావైపు తిరిగింది. ఏడాదిన్నరగా నేను కలలుగన్న క్షణం అదే. అందరికంటే బాగా తెలిసినవాణ్ని నేనే అయ్యాను!

"రెండుసార్లు కాదు. నిన్ననే మొదటిసారి," అన్నాను. "పేజీలేవీ పోలేదు. ప్రభాకర్ దేన్నీ చింపలేదు. తెలియకుండానే తెలుసన్నది నేను." మాన్యువల్ తీసి అతని ఒళ్లో పెట్టాను. "కార్డు రేపొద్దున్నే తెరుస్తాను. క్షమించు నాయనా."

"పర్వాలేదండీ," అన్నాడు ప్రభాకర్, మాన్యువల్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకుని.

"మరి బుక్కులో ఏముందండీ?" పద్మజ వదల్లేదు.

"మణి. రాజు తెచ్చి నోట్లో వేస్తాడు."

బస్సంతా ఉసూరుమంది. వెనక సీటులోంచి ఎవరో అరిచారు. "మణి వద్దు గిణి వద్దు! యాదగిరన్నా, అవ్వనే కానియ్యి!"

సరిగ్గా అప్పుడే గేటు లేచింది. అందరూ గేట్‌మన్‌ను తిట్టారు. అందరికంటే గట్టిగా నేనే తిట్టాను.

గురువారం ప్రభాకర్ గట్టెక్కాడు. నేను మాత్రం ఆ బస్సెక్కిన మర్నాటి నుంచి నెల రోజులు అమీర్‌పేటకు శేరిలింగంపల్లి మీదుగానే వెళ్లాను, అవ్వ ఏమైందో తెలిసేదాకా. ఆ తర్వాత ఏ లైబ్రరీలో పనిచేసినా ఒక పద్ధతి మానలేదు. పేజీ పోయిందని ఎవరైనా అంటే, ముందు నేను ఆ పుస్తకం చదవలేదని ఒప్పుకుంటాను. తర్వాత పేజీలు లెక్కపెడతాను. లెక్క సరిపోయిందా, ఆ పేజీ ఏ బస్సులో ఉందో కనుక్కుని ఎక్కుతాను.