నాగప్ప మీసం, రెండు కిలోల తరుగు

పోయిన వారం మోకాలి నొప్పికని హిందూపురంలో ఒక చిన్న ఆస్పత్రికి వెళ్లాను. డాక్టరు పిలిచే ముందు బరువు చూడాలని నర్సమ్మ ఒక పాత తూకం యంత్రాన్ని కాలితో నా ముందుకు తోసింది. ఎక్కగానే అది కిర్రుమని మూలిగింది. ముల్లు రెండు మూడు సార్లు అటూ ఇటూ ఊగి డెబ్బై నాలుగు దగ్గర నిలబడింది. చెప్పులు విప్పుదామని వంగబోతే ఆ అమ్మాయి, "ఉండనీ సార్, చెప్పులకూ జేబులో ఉన్నవాటికీ కలిపి ఒక కిలో తీసేసి రాస్తాలే" అంది. నేను గబుక్కున దిగిపోయాను. చెప్పులు విప్పి, తాళాలూ, కళ్లజోడూ, సెల్‌ఫోనూ బల్ల మీద పెట్టి మళ్లీ ఎక్కాను. సరిగ్గా డెబ్బై మూడు. "నేను చెప్పిందీ అదే కదా సార్" అంది. లెక్క ఆమెదే రైటు. అయినా నేను దిగి మళ్లీ ఎక్కడానికి వేరే కారణం ఉంది. ఆ కారణానికి చాలా పెద్ద మీసం ఉండేది.

ఆయన పేరు నాగప్ప. తొంభైలలో హిందూపురం చింతపండు మండీల వైపు ఎవరిని అడిగినా చూపించేవారు. వయసులో ఉన్నప్పుడు కుస్తీలు పట్టాడు. నేను చూసేనాటికి యాభై దాటాయి. ఛాతీ మీది కండ చాలా వరకు పొట్ట దగ్గరికి దిగివచ్చింది గానీ, మీసం మాత్రం ఉన్నచోటనే ఉంది. నా అంచనా ప్రకారం ఒక్కో వైపు నాలుగు అంగుళాలు. బేరం కుదిరితే కుడి కొన తిప్పేవాడు, చెడితే ఎడమ కొన. పాత రైతులు ఆయన నోరు తెరవక ముందే మీసం చూసి సంచులు దించాలో వద్దో తేల్చుకునేవారు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. ఎక్కాల పుస్తకం ఒకటి, గోడల మీద బొగ్గుతో చేసుకున్న గుణకారాలు కొన్ని, ఇవే నా చదువు. నాగప్ప మండీలో కాటా దగ్గర రాసే మనిషి కావాలంటే వెళ్లాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బీకాం చదివిన ఒకాయన కూడా వచ్చాడు. నాగప్ప ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు: "ముప్పై ఏడు సంచులు. సంచి నలభై రెండు కిలోలు. సంచికి రెండు కిలోల తరుగు. నికరమెంత?" బీకాం ఆయన పెన్ను మూత తీసేలోగా నేను పద్నాలుగు వందల ఎనభై అన్నాను.

"ఎట్ల చెప్పినావబ్బా అంత బిరీన?"

"తరుగు ముందే తీసేస్తే నలభై అవుతాదన్నా. నలభైతో గుణించేది సులువు."

కుడి కొన తిరిగింది. మరుసటి రోజు నుంచి కాటా పక్కన కుర్చీ నాది.

మండీలో తరుగు అంటే సంచి మొత్తం బరువులో తీసేసే భాగం. ఒక కిలో గోనెకు, ఒక కిలో పిక్కలకూ దుమ్ముకూ. కాటా మీదికి సంచి ఎక్కుతుంది, ముల్లు నలభై నాలుగు చూపిస్తుంది, నేను నలభై రెండు అని అరిచి రాస్తాను. సీజనులో రోజుకు నూట యాభై సంచులు. ఆరేళ్లు గడిచేసరికి ఆ తీసివేత నేను చేయడం మానేశాను, నా కళ్లే చేసుకునేవి. ముల్లు ఏ అంకె మీద ఉన్నా నాకు రెండు తక్కువే కనపడేది. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు.

ఆ రోజుల్లోనే కేబుల్ టీవీ వచ్చింది. మధ్యాహ్నం భోజనం తర్వాత నాగప్ప గల్లాపెట్టె మీద పెట్టుకున్న చిన్న టీవీలో విదేశీ కుస్తీలు చూసేవాడు. మేమంతా వాళ్లు నిజంగా కొట్టుకుంటున్నారని నోళ్లు తెరిస్తే, ఆయన ఇంకో దానికి మురిసిపోయేవాడు. "చూడబ్బా, వాడు కొట్టనే ల్యా, వీడు పడినాడు. ఎంత బాగా పడినాడు చూడు! ఇది తెలీక మేం నిజంగా పడి ఎముకలు విరగ్గొట్టుకుంటిమి." వారం తిరక్కుండా ఆయనకు ఆలోచన వచ్చింది: అలాంటి కుస్తీ మనమే పెట్టాలి. హిందూపురానికీ ధర్మవరానికీ పోటీ. ఒకరి ఊరికి ఇంకొకరు వెళ్లి ఓడిపోరు కాబట్టి మధ్యలో పెనుకొండ. కిలోమీటర్లు లెక్కేసి పెనుకొండ మనకే కాస్త దగ్గరని నేను చెబితే, "ఆ మాట ధర్మవరమోళ్ల ముందర అనబాక" అన్నాడు.

ధర్మవరం తరఫున పట్టు నూలు దుకాణం రామచంద్ర ముందుకొచ్చాడు. జరీ అంచు లాగా సన్నటి మీసం ఆయనది. వాళ్ల మల్లుడు గంగాధర్ మగ్గం నేసేవాడు, బిరుదు పట్టు పిడుగు. మా మల్లుడు రంగనాథ్ గూడ్స్ ఆటో తోలేవాడు, బిరుదు చింతల చిరుత. ప్రాణాలు తీసుకునే పగ ఉన్నట్టు ప్రచారం చేయాలి. చిక్కేమిటంటే రంగనాథ్ చెల్లెలిని గంగాధర్‌కే ఇచ్చారు. నెల రోజులు ఇద్దరూ కలవకూడదని కట్టడి పెడితే, ఆ అమ్మాయి ధర్మవరం నుంచి మండీకి ఫోను చేసేది. "ఏమన్నా, మీ పగ ఎప్పటికి అయిపోతాది? పిల్లోడు మామ యాడ, మామ యాడ అని పానం తీస్తాండాడు."

గోదాములో చింతపండు సంచుల మీద పడడం నేర్పుతూ నాగప్ప మా అందరికీ ఒక మాట చెప్పాడు. "పేరు అబద్ధం. పగ అబద్ధం. దెబ్బ అబద్ధం. తూకం మాత్రం నిజముండల్ల. మనం కాటా మీద బతికేటోళ్లం." ఆ మధ్యాహ్నమే, వరసగా నూట నలభై సంచులు తూచాక, రంగనాథ్ కాటా ఎక్కాడు. నేను "తొంభై ఆరు!" అని అరిచి రాసుకున్నాను. ధర్మవరం నుంచి గంగాధర్ బరువు తొంభై ఎనిమిదని కబురొచ్చింది. పోస్టర్లలో ఆ రెండు అంకెలూ మనుషుల కంటే పెద్దగా పడ్డాయి.

పెనుకొండ బస్టాండు దగ్గర పోస్టర్లు అంటిస్తుండగా రామచంద్ర జీపులో వచ్చాడు. అక్కడున్నవాళ్లు వినేట్టు మైకులోనే అన్నాడు. "ఏమప్పా నాగప్పా, మీ వాణ్ని రెండు కిలోలు తగ్గించి జనం దగ్గర జాలి సంపాదిస్తాండావా? ఆ మనిషి తొంభై ఆరంటే నమ్మేదానికి మేమేమన్నా చింతపిక్కలా?"

ఎడమ కొన తిరిగింది. "కాటా తెచ్చి ఈడనే పెడతా. కుస్తీకి ముందర అందరి ఎదుట తూద్దాం. కిలో తేడా వచ్చినా ఆడనే మీసం తీయించుకుంటా."

"నాదీ అదే మాట!" అన్నాడు రామచంద్ర.

"నీది తీసినా పెట్టినా ఎవురికి కనపడతాదప్పా?" అని ఒక ఆటో అతను అన్నాడు. జనం గొల్లుమన్నారు. నాగప్ప నా భుజం మీద చెయ్యేసి, "మా లెక్కలోడు రాసినాడంటే రాసినట్లే" అన్నాడు. ఆ చెయ్యి బరువు ఎంతో ఆ రోజు నాకు తోచలేదు. గర్వంగా నిలబడ్డాను.

కుస్తీ రోజు పొద్దున పాసింజరు రైల్లో బయలుదేరాం. కాటా ముందే ఆటోలో వెళ్లింది. రంగనాథ్ నా ఎదురుగా కూర్చుని ఉడకబెట్టిన గుడ్లు ఒకటి తర్వాత ఒకటి తింటున్నాడు. మొహం దిగులుగా ఉంది. ఏమైందని అడిగాను.

"అన్నా, నాకేమన్నా రోగమొచ్చిందేమో. పోస్టరుకు రెండు దినాల ముందర రైసుమిల్లులో తూపించుకుంటే తొంభై ఎనిమిది ఉంటిని. మన కాటాకొచ్చేసరికి తొంభై ఆరు. కామెర్లేమో అని మా ఇంట్ల ఒకటే ఏడుపు. అందుకే దినానికి పది గుడ్లు తింటాండా."

రైలు ఎక్కడో ఆగింది. కళ్లు మూసుకుని ఆ మధ్యాహ్నం కాటాను గుర్తు చేసుకున్నాను. ముల్లు తొంభై ఎనిమిది మీద ఉంది. స్పష్టంగా ఉంది. గోనె ఒకటి, పిక్కలు ఒకటి. రంగనాథ్‌కు నేను తరుగు తీశాను.

పెనుకొండ కొండ కింద మైదానంలో నాగప్ప ఖాళీ కాటా మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నేను వెళ్లి చెప్పేశాను. చెప్పడానికి నాలుగు వాక్యాలు కూడా పట్టలేదు. ఆయన గ్లాసు కింద పెట్టాడు. చెయ్యి మీసం దాకా వెళ్లి, ఏ కొన తిప్పాలో తెలియక మధ్యలో ఆగింది.

"నూట నలభై సంచుల తర్వాత ఎక్కినాడు కదా వాడు?"

"అవునన్నా."

"నూట నలభై ఒకటో సంచి అనుకుంటివి."

నేను తల దించుకున్నాను. "రేపట్నుంచి మండీకి రానులే అన్నా."

పక్కనే ఉన్న రంగనాథ్ విషయం అర్థమై ఎగిరి గంతేశాడు. "అంటే నాకు రోగం లేదా? అన్నా, ఏమీ కాదు, పైన కోట దాకా ఉరికొస్తా, రెండు కిలోలు కరిగిపోతాయి."

"కరిగేది నువ్వు. తప్పుగా రాసింది కరగదు" అన్నాడు నాగప్ప. తర్వాత నా వైపు తిరిగాడు. "వానికి గోనె యాడుండాది? పిక్కలు యాడుండాయి? సంచికి తియ్యి, వద్దనను. మనిషికి తరుగు తీయకూడదబ్బా. ఇప్పుడు నిన్ను పంపిస్తే నేనూ ఒకనికి తరుగు తీసినట్లే. పో, హనుమంతును పిలుచుకోని రా."

హనుమంతు బస్టాండు దగ్గర సెలూను నడిపేవాడు. మైదానం నిండా జనం. నాగప్ప మైకు తీసుకుని, తూకం వేయక ముందే చెప్పాడు: "మా మండీలో తూకం తప్పింది. తప్పు నాది." నా పేరు ఎత్తలేదు. హనుమంతు కత్తి వదిలి కత్తెర తీశాడు. "అన్నా, కొనలు మాత్రం కత్తిరిస్తా, చాలదా?" అంటే, "సగం నిజం చెప్పమంటావా?" అన్నాడు నాగప్ప. రెండు నిమిషాల పని. పని అయ్యాక నాగప్ప లేచి నిలబడితే నిజంగానే ఎవరో కొత్త మనిషి. ఆ ఖాళీ కుర్చీలో నేను కూర్చున్నాను.

"నీదెందుకబ్బా?"

"తప్పు నాది కదన్నా."

"నీదంతా కలిపినా రెండు గ్రాములుండదు కదరా" అన్నాడు గానీ, వద్దనలేదు.

అప్పుడు తూచారు. రంగనాథ్ తొంభై తొమ్మిది. రెండు నావి, ఒకటి గుడ్లది. తర్వాత గంగాధర్ ఎక్కాడు. ముల్లు తొంభై నాలుగు దగ్గర ఆగిపోయింది. నాలుగు తక్కువ. రామచంద్ర గొంతు సన్నబడింది. "మా నూలు తక్కెడ పది కిలోలకు మించి పట్టదు. మనిషిని చూసి అంచనా వేసినాం." జనం ఒక్కసారిగా "మీసం! మీసం!" అని అరిచారు. రామచంద్ర అరచేత్తో పై పెదవి మూసుకున్నాడు. కత్తి పట్టుకుని ముందుకు వెళ్లబోయిన హనుమంతు చెయ్యి నాగప్ప పట్టుకున్నాడు.

"వద్దప్పా. ఆ మీసముండల్ల. రెండూ పోతే వచ్చే ఏడు దేనికోసరం కొట్టుకునేది?"

ఇక కుస్తీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పన్నెండు నిమిషాలు సాగేట్టు, ఎవరు ఎప్పుడు పడాలో నేను రాసిచ్చిన పట్లన్నీ పక్కకు పోయాయి. గోదాలోకి దిగిన గంగాధర్ నాగప్ప కొత్త ముఖం చూసి నవ్వాపుకోలేకపోయాడు. నవ్వుతావా అని రంగనాథ్ నిజంగానే కోపంతో మీద పడ్డాడు. ఇద్దరూ కాళ్లు తట్టుకుని ఒకేసారి పడ్డారు. నాలుగో నిమిషంలో గంట కొట్టాను. ఎవరూ గొణగలేదు. బావా బావమరుదులు ఒకరినొకరు లేపి దుమ్ము దులుపుకుంటుంటే, జనంలోంచి ఒక చిన్న పిల్లవాడు "మామా!" అని అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. దాంతో మిగిలిన పగ కూడా అయిపోయింది.

సోమవారం మండీలో నాగప్ప అడిగాడు. "మళ్లా ఎప్పటికొస్తాదబ్బా?" నెలకు అర అంగుళం చొప్పున నాలుగు అంగుళాలకు ఎనిమిది నెలలని చెప్పాను. కాసేపటికి అమరాపురం నుంచి ఒక రైతు సంచులు దించి, నేరుగా నాగప్పనే అడిగాడు. "నాగప్ప యాడప్పా?"

"ఊరికి పోయినాడు. ఎనిమిది నెలలకు వస్తాడు" అన్నాడు నాగప్ప.

వారానికోసారి నేను దారం పెట్టి కొలిచేవాణ్ని. తిరిగి వచ్చిన మీసం ఎడమ వైపు తెల్లగా వచ్చింది. బేరం చెడినప్పుడు తిప్పే వైపే ముందు ముసలిదయిందని ఆయనే నవ్వేవాడు. ఆ తర్వాత ఇంకా రెండేళ్లు పెనుకొండలో కుస్తీలు జరిగాయి, మల్లులకు తూకం నేనే వేశాను. నాగప్ప పోయి కూడా చాలా కాలమైంది. మండీలో ఇప్పుడు అంకెలు ఎర్రగా వెలిగే కాటాలు ఉన్నాయి. గోనె బరువు అవే తీసేసుకుంటాయి.

నాకు మాత్రం ఆ పాత కన్ను పూర్తిగా పోలేదు. కొత్తగా పనిలో చేరినవాడిని చూసినా, సంబంధం మాట్లాడడానికి వచ్చిన పిల్లవాడిని చూసినా, నా లోపల ఎవరో ముందే రెండు తక్కువ చదువుతాడు. పల్లెటూరివాడు కదా అని ఒకటి, చదువు చాలదు కదా అని ఒకటి. అప్పుడు ఆస్పత్రిలో లాగే దిగి మళ్లీ ఎక్కుతాను, ఆ మనిషిని తరుగు తీయకుండా మళ్లీ చూస్తాను. ఆ రోజు తీయించుకున్న మీసం నేను మళ్లీ పెంచలేదు. రోజూ పొద్దున అద్దం ముందు, ఆ కాస్త చోటు దగ్గర రేజరు రెండుసార్లు తిప్పుతాను. ఒకటి గోనెకు, ఒకటి పిక్కలకు.