మా వాకిట్లో ఫ్రీజర్ పెట్టె, అందులో సముద్రం

సముద్రం అడుగు మట్టి మీద పరిశోధన చేసే మా మేనకోడలు ఒక పొద్దున మెట్‌పల్లిలో మా వాకిట దిగింది. విశాఖ నుంచి నాగపూర్ ల్యాబుకు ఆ మట్టి నిండిన పొడుగాటి గొట్టాలు తీసుకుపోతుంటే దారిలో వ్యానులోని ఏసీ చచ్చిందట. సాయంత్రానికి గానీ ఇంకో బండి రాదట.

"గంతసేపు వేడికుంటే ఏమైతది బిడ్డా?"

"మట్టిల చిక్కుకున్న నీళ్ల రసాయనం మారిపోతది మామా. ఒకప్పుడు సముద్రం ఎట్లుండెనో గా నీళ్లే చెప్పాలె. నా చదువంత గీ గొట్టాలల్లనే ఉన్నది."

"ఫికర్ చెయ్యకు" అని మా ఫ్రిజ్ ఖాళీ చేశాను. మూడు తరాల మామిడికాయ తొక్కు బయటికొచ్చింది గానీ గొట్టం సగం కూడా లోపలికి పోలేదు. మనిషంత పొడుగు చల్లదనం మా ఊళ్లో ఒక్కచోటే దొరుకుతుంది. దుబాయి నుంచి కొడుకులు దిగేదాకా పోయినవాళ్లను పడుకోబెట్టే ఫ్రీజర్ పెట్టె. కిరాయికి తెప్పించాను. నా తెలివికి నేనే దండేసుకోవాలనిపించింది.

గొట్టాలు పడుకున్నాయి. అంకె నాలుగు డిగ్రీల దగ్గర నిలిచింది. పెట్టె వెనకాలే సగం మెట్‌పల్లి వచ్చింది. మిగతా సగం పూలదండల దగ్గర బేరమాడుతూ ఆగింది.

ఎదురింటి పెద్దమ్మ నన్ను చూసి ఏడుపు ఆపింది. "నువ్వు మంచిగనే ఉన్నవు గద కొడుకా. మరి పోయిందెవలు?"

"ఎవలు పోలే పెద్దమ్మా. అండ్ల సముద్రం మట్టి ఉన్నది."

"దుఃఖంల గట్లనే మాట్లాడుతరు. జర మూత తియ్యి, ఆఖరుసారి ముఖం చూస్త."

మూత తీస్తే చల్లదనం పోతుంది. మేనకోడలు పెట్టె మీద అడ్డంగా పడిపోయింది. "తియ్యకు అమ్మమ్మా, నీ కాళ్లు మొక్కుత." భయంతో నిజంగానే ఏడ్చేసింది. జనానికి అప్పటికి తృప్తయింది.

"ఎంత పావురమో, ఎంత ప్రేమనో పిల్లకు" అని పెద్దమ్మ దాని తల నిమిరింది. "ఎన్నేండ్లుంటయి?"

"ఇరవై వేలు" అంది పిల్ల వెక్కుతూ.

"నిండుగ బతికిండు తియ్యి. ఏడ్వకు బిడ్డా."

ఇక ఆమె పెట్టె పక్కనే కూర్చుంది. మూత మీద చెయ్యి వేయబోయిన ప్రతివాణ్నీ కసిరింది. "ముట్టకుండ్రి. పిల్ల పానం పోతది."

బండి వచ్చేదాకా అంకె నాలుగు దాటలేదు. గొట్టాలను నలుగురు భుజాల మీద ఎక్కించుకొని నిమ్మళంగా నడిచారు. సంతోషం పట్టలేక మేనకోడలు పెద్దమ్మ కాళ్లకు మొక్కింది.

పెద్దమ్మ దాన్ని లేపి, మెల్లగా అడిగింది. "పదకొండో దినం నాగపూర్లనేనా?"