వాయిదా పడిన మ్యాచ్

మొన్న మా ఊరి హైస్కూల్లో పాత ఆటగాళ్ల ఫోటోలు గోడకి పెట్టేరంటే చూడ్డానికి వెళ్లేను. వాలీబాల్ అమ్మాయిలు కప్పు పట్టుకున్న ఫోటో ముందు ఆగిపోయేను. అందులో నేను లేను.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. నా సర్వీసు బాగుంటుందని పీఈటీ సారు జట్టులో మొదటి పేరు నాదే రాసేరు. ముమ్మిడివరంలో మ్యాచ్. పొద్దున్నే జడలు బిగించుకుని బయల్దేరబోతుంటే నాన్న ఎదురొచ్చేడు.

"మ్యాచ్ వాయిదా పడిందమ్మా. సారు కబురంపేరు. పద, నారు తీద్దాం."

నమ్మేను. రోజంతా బురదలో వంగి నారు తీసేను. సాయంత్రం కాలవగట్టు మీద ఆటోలో మా అమ్మాయిలు ఈలలేసుకుంటూ వచ్చేరు. ఒకమ్మాయి చేతిలో కప్పుంది.

"చూసేవా, సారు మనల్ని మోసం చేసేరు," అన్నాడు నాన్న, నారుకట్ట కడుతూనే.

ఆ తర్వాత బంతి ముట్టుకోలేదు. సారు ఎదురైతే తల తిప్పేసుకునేదాన్ని.

మొన్న ఆ ఫోటో దగ్గర సారే పలకరించేరు.

"ఆ రోజు నీకు జ్వరమని నాన్నగారు పొద్దున్నే వచ్చి చెప్పేరమ్మా. తగ్గేకైనా గ్రౌండుకి రాలేదేం?"

"ఆయ్, నాదే తప్పండి," అని ఫోటో వైపు తిరిగేను.

ఆడపిల్ల నిక్కరేసుకుని పదిమందిలో ఆడటం నాన్నకి నచ్చి ఉండదు. ఆ మాటే చెప్పుంటే ఓ పూట ఏడ్చి ఊరుకునేదాన్ని.

ఇంటికొచ్చేసరికి నాన్న భోంచేస్తున్నాడు.

"స్కూలుకి మీ సారొచ్చేరా?" అన్నాడు, అన్నం కలపడం ఆపి.

"రాలేదు," అన్నాను.

మళ్లీ తినడం మొదలుపెట్టేడు.