ఎర్ర పేలికల కంకులు

ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు మొదటి కంకి కాలింది. ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం, మంట పక్కన కూర్చున్న అతిథి జహీరాబాద్‌లో గడియారాలు బాగుచేసే ఆయన కావడమే. ఏ పని మొదలైనా జేబులోంచి గడియారం తీసి, వేళ పైకి చెప్పడం ఆయన అలవాటు. పక్కన ఆయన భార్య ఉంది. ఆ తర్వాత జీవితమంతా నేను ఆపా అని, అంటే అక్కా అని, పిలిచింది ఆమెనే. ఈ ఏడు ఆపా పోయింది.

అవి డెబ్బై ఒకటో సంవత్సరం యుద్ధం నడుస్తున్న రోజులు. నాకు పెళ్లై మూడు నెలలు. అంగడి రోజున మా అత్త కూరాకు గంప దించుకుని మంచినీళ్లు తాగే ఇల్లు వాళ్లది. ఆ పరిచయంతో ఏటా చలికాలంలో, జొన్న గింజలో పాలు గట్టిపడే వేళకు, వాళ్లను చేనికి పిలిచేది. లేత కంకులను పిడకల నిప్పుల మీద కాల్చి, వేడిగా ఉండగానే నలిపి, చెరిగి, నువ్వుల పొడితో, బెల్లంతో తింటాం. మావైపు దాన్ని ఊచబియ్యం అంటారు. పిలిస్తే వచ్చినవాళ్లు తిన్నాకే ఇంటివాళ్లు తినాలి.

ఆ రోజు అత్త చాట మరిచిపోయి, తేవడానికి ఇంటికి వెళ్లింది. ఈలోగా కంకులు కోసి మంట వేయమని నాకు చెప్పింది. గట్టు వెంట నాలుగు సాళ్లలో కొన్ని కంకులకు ఎర్ర పేలికలు కట్టి ఉన్నాయి. మా పుట్టిల్లు కోహీర్. అక్కడ చుట్టాలకు ఇవ్వదలిచిన జామకాయలకు మా అమ్మ పేలిక కట్టేది, పిల్లలు తెంపకుండా. ఇవీ అలాంటివే అనుకున్నాను. మొత్తం పద్దెనిమిది. అన్నీ కోశాను.

అత్త వచ్చేసరికి సగం తినడం అయిపోయింది. ఇంత తీపి జొన్న ఎప్పుడూ తినలేదని ఆపా అంటోంది. నేను ఊడదీసి పక్కన పెట్టిన పేలికల కుప్పను అత్త చూసింది. తర్వాత కూర్చుని, మిగిలిన కంకులు తానే నలిపి వాళ్ల ముందు పోసింది.

“తినున్రి. సల్లారితె బాగుండదు.”

వాళ్లు వెళ్లాక, ఇంటికి నడుస్తూ చెప్పింది. ఆ నాలుగు సాళ్ల జొన్న మొగుడంపల్లి వైపున్న ఆమె పుట్టింటిది. పెళ్లినాడు కొంగున కట్టుకుని తెచ్చుకుంది. పుట్టింట్లో ఆ జొన్న వేయడం ఎప్పుడో మానేశారు. ఆ ఏడు వాన ముందే ఆగిపోవడంతో గింజ నిండిన కంకులు పద్దెనిమిదే మిగిలాయి. విత్తనానికని వాటికి పేలికలు కట్టింది. ఆ సాళ్లలో మిగతావన్నీ తాలు.

“నీకు జెప్పకపోవుడు నాదే తప్పు,” అంది. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఏటా చేసినట్టే ఆ వారం విత్తనాల బుట్టను పేడతో అలికి ఎండలో పెట్టింది. అందులో పోయడానికి ఆ జొన్న లేదు.

తర్వాతి అంగడికి గంప నేను ఎత్తుకుపోయాను. జరిగింది ఆపాకు చెప్పేశాను. ఆమె నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి పైకి చూడమంది. పొయ్యి మీది దూలానికి, పొగచూరి నల్లబడిన ఐదు కంకులు వేలాడుతున్నాయి.

“పోయినేడు మీ అత్త ఇచ్చింది. తినుమన్నదో, దాసుమన్నదో నాకు సమజ్ కాలే. బర్కత్ కోసం, ఇంట్ల సిరి ఉండాలె అనుకొని కట్టిన. గడియారాల ఇంట్ల జొన్నకంకులేందని మీ భాయ్ రోజు నవ్వుతడు.”

పీట ఎక్కి, విప్పి, నా గంపలో పెట్టింది. ఒక్కటి కూడా ఉంచుకోలేదు.

ఇంటికి తెచ్చాక అత్త ఒక గింజ కొరికి చూసింది. అదే జొన్న. “తినుమనే ఇచ్చిన. ఏడాది సంది తినకుంట కూసున్నదా, పిచ్చిది,” అంటూ అటు తిరిగింది. పది గింజలు తడిగుడ్డలో కట్టాం. నాలుగో రోజుకు ఎనిమిది మొలిచాయి.

అదును వచ్చాక ఆ కంకుల గింజలు నాలుగు గుంటల నేలలో విత్తాం. గింజలో పాలు గట్టిపడ్డాక మొదటి కంకి ఆపాకే కాల్చి ఇచ్చింది అత్త. విత్తనాల బుట్ట నిండినా, ఒక కట్ట విడిగా తీసి ఆపా వంటింటికి పంపింది. ఎందుకని అడిగాను.

“అంత మనింట్లనే పెట్టుకుంటె, మల్ల ఏ కోడలో కాల్చి పెడ్తది.”

ఆ తర్వాత ఏటా పాత కట్ట మా ఇంటికి వచ్చేది, కొత్త కట్ట వాళ్ల దూలానికి ఎక్కేది. అత్త పోయాక నేనే తీసుకెళ్లేదాన్ని. మా చేను చెరకుకు మారే దాకా అది సాగింది.

ఆపా పోయిన నలభయ్యో దినానికి వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో ఇప్పుడు గ్యాస్ పొయ్యి ఉంది. దూలానికి మేకు అలాగే ఉంది. విత్తనపు కంకులకు పేలికలు కట్టడం, అందులో ఒక కట్ట వేరే ఇంట్లో ఉంచడం ఇప్పుడు మావైపు ఎవరూ చేయడం లేదు.