తట్టకు ఒక చెయ్యి

శ్రీకాకుళం బస్టాండులో ఉండగా కూతురు ఫోన్ చేసింది. హైదరాబాదులో ఆటల పార్కు పక్కనే ఖరీదైన హోటల్లో గది తీసుకుంటోందట. పార్కులో తిరగడానికి రెండేళ్ల మనవరాలికి తోపుడుబండి, మోకాళ్లు అరిగిన నాకు కూర్చుని నడుపుకునే బ్యాటరీ బండి అద్దెకు తీసుకుంటుందట.

"నలుగురిలో బండెక్కి ఊరేగనే. మీరే ఎల్లండి," అని పెట్టేశాను. మా ఆయన పోయినప్పటినుంచి దేనిమీదా మనసు లేదు. వద్దనడమే తేలిక.

బస్సు రాగానే పక్కనున్న చేపలావిడ లేచింది. "అమ్మా, తట్టకో సెయ్యెయ్యి."

"మేం నీసు ముట్టం."

"సేపలు ముట్టకు. తట్ట అంచట్టుకో."

"నాకే మోకాళ్లు లేవు. ఇంకెవరినైనా అడుగు."

"దగ్గరున్నది నువ్వే గదా. రోజూ ఎవుల్నో ఒకల్ని అడుగుతాను. సిగ్గుపడితే తట్ట నేలమీదే ఉంటాది, బస్సెల్లిపోతాది."

బెంచీ పట్టుకుని లేచి, ఒక చేత్తో అంచు ఎత్తాను. తట్ట ఆమె తలకెక్కింది. వెనక్కి చూడకుండా బస్సువైపు నడిచింది. నా పేరైనా అడగలేదు.

చేతికి నీసు వాసన అంటింది. ఆ చేత్తోనే కూతురికి ఫోన్ చేశాను.

"ఆ బ్యాటరీ బండి ఉంచు. తోపుడుబండి మానీ, దండగ. పిల్ల నా ఒళ్లో కూకుంటాది."