కరెంటు టీచర్ పెట్టిన తప్పులు

నేను చేసిన వెధవపని ముందే చెప్పేస్తాను. మా అత్త సాయంత్రమంతా కూర్చుని, ఏరి ఏరి పెట్టుకున్న తప్పులన్నీ నేను దిద్దేశాను. నన్నెవరూ దిద్దమనలేదు. కొంటెపని చేసినప్పుడల్లా నాకు తిట్లతోనే సరిపోయేది. మంచి చేద్దామనుకున్న ఈ ఒక్కసారే ఆవిడ కంప్యూటర్ గదికి ముప్పు తెచ్చాను.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. బళ్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. మౌస్ పట్టుకుంటే చెయ్యి చాలని ఒకటో తరగతి నుంచి, తమకి అన్నీ వచ్చనుకునే పదో తరగతి దాకా అందరికీ ఆవిడొక్కతే. పిల్లలు చాటుగా కరెంటు టీచర్ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. బళ్లో కరెంటుతో నడిచేది ఏది ఆగినా పిలుపు ఆవిడకే. గంట మోగకపోయినా, మైకు కీచుమన్నా, ఆఫీసులో ప్రింటర్ కాగితం మింగేసినా, ఆఖరికి స్టాఫ్ రూములో ఫ్యాను ఊగినా సరే. ఒకసారి నేను పెద్దమాస్టారి మౌస్ కింద చిన్న కాగితం ముక్క అంటించి వచ్చాను. ఆయన పొద్దుటి నుంచీ దాన్ని బల్లకేసి రుద్దుతూనే ఉన్నారట. పై అంతస్తు నుంచి మెట్లన్నీ దిగొచ్చి ఆ ముక్క పీకింది అత్తే. నేనుండేదీ వాళ్లింట్లోనే. రాత్రి అన్నం ముందు కూర్చుంటే ఆ కాగితం ముక్క నా కంచంలో ఉంది.

సాయంత్రం ఇంటికి చేరితే చెప్పులు విడవడానికి కూడా గోడ పట్టుకుంటుంది. మామయ్య మంచినీళ్లిస్తే తాగి, గ్లాసు కింద పెట్టే ఓపిక లేక పొట్టమీదే పెట్టుకుని పడుకుంటుంది. గ్లాసు ఊపిరితో పాటు లేస్తూ దిగుతూ ఉంటుంది. మామయ్య అది పడిపోకుండా ఓ కన్నేసి ఉంచి, పేపర్ చదువుకుంటాడు. వాళ్లిద్దరి కబుర్లంటే అవే.

ఆవిడ గది కూడా ఆవిడలాగే ఉంటుంది, అరిగిపోయి. ఒక్కో మిషన్ ముందు ముగ్గురేసి పిల్లలు. కీబోర్డుల మీద అక్షరాలు చెరిగిపోతే గోళ్ల రంగుతో మళ్లీ రాసింది. ఫ్యాను గాలి మిషన్లవైపు తిప్పి ఉంటుంది, మనుషులవైపు కాదు. చిన్నపిల్లలకైతే మిషన్లు అసలు ముట్టనివ్వదు. ఒకణ్ణి కళ్లు మూసుకోమని, ఇంకొకణ్ణి వాడికి దారి చెప్పమంటుంది. ముందుకి నడు అన్నవాడు ఆగు అనడం మర్చిపోతే మొదటివాడు వెళ్లి గోడకి గుద్దుకుంటాడు. కంప్యూటరంటే అంతేరా, చెప్పిందే చేస్తుంది, నీ మనసులో ఉన్నది చెయ్యదు అంటుంది.

పెద్దపిల్లల దగ్గర ఆవిడ పద్ధతి వేరు. ఒక్కో మిషన్లో ఒక్కో చిన్న ప్రోగ్రాం రాసి, అందులో కావాలనే ఒక తప్పు పెడుతుంది. ఎక్కం తొమ్మిది దగ్గర ఆగిపోతుంది. మార్కులు కూడితే మొదటి పిల్లాడివి కలవవు. పిల్లలు ఆ తప్పు పట్టుకోవాలి. ఈ సంగతి బడంతటికీ తెలుసు. బళ్లో చదవకుండా, పాత మిషన్లు విప్పి బిగించి సొంతంగా నేర్చేసుకున్న నాకు తప్ప.

ఇంతలో పైనుంచి ఒక అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. కంప్యూటర్ గదిలో పిల్లలు నేర్చుకునేదేమీ లేదని ఎవరో చెప్పారట. ఆయన చూసి ఔనంటే గది పాత బల్లలు పడెయ్యడానికీ, అత్త ఆఫీసులో మార్కులు ఎక్కించే పనికీ. గది పోతుందన్న రోజు ఆవిడ పొట్టమీద గ్లాసు కూడా కదల్లేదు, అంత మెల్లగా ఊపిరి తీసింది.

ఆయన రాబోయే ముందురోజు నన్ను పిలిచి, దుమ్ము ఊది వైర్లు బిగించమంది. బిగించాను. సరిగ్గా ఉన్నాయో లేదోనని ఒక్కో ప్రోగ్రామూ నడిపి చూశాను. ప్రతిదాంట్లోనూ తప్పే. పాపం, అలిసిపోయి ఎలా పడితే అలా కొట్టేసింది, రేపు అధికారి ముందు పరువు పోతుందని కూర్చుని అన్నీ దిద్దాను. మూలమిషన్లో రెండంకెలిస్తే పెద్దది ఏదో చెప్పే ప్రోగ్రాం ఒక్కటే బాగుంది. ఇదొక్కటైనా సరిగ్గా రాసింది అని నవ్వుకున్నాను కూడా.

మర్నాడు ఏ మిషనైనా మొరాయిస్తే చూడమని నన్ను గోడవార స్టూలు మీద కూర్చోబెట్టింది. అధికారి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వెతకండి అంది అత్త. పిల్లలు తలలు దగ్గర పెట్టి వెతకడం మొదలెట్టారు. మూలమిషన్ దగ్గర రెండు జడల పిల్ల వెంటనే చెయ్యెత్తింది. అత్త చూసి తలూపి కూర్చోబెట్టింది. మిగతావాళ్లు వెతుకుతూనే ఉన్నారు. వాళ్లు వెతికేది నిన్న నేను దిద్దేసిన తప్పులనేనని నాకు అప్పుడర్థమైంది.

టీచర్ పెట్టిన తప్పు ఉండి తీరాలి. కనబడకపోతే లోపం తమదే. అందుకని ఒక్కొక్కరే బాగున్నదాన్ని దిద్దడం మొదలుపెట్టారు. కాసేపటికి ఎక్కాలు ఎక్కడెక్కడో ఆగుతున్నాయి, కూడికలు తీసివేతలైపోయాయి, ఒక మిషనైతే ఆగకుండా సున్నాలు కక్కుతోంది. అధికారి కనుబొమలు పైకి లేచాయి.

అత్త ఒక మిషన్లోకి వంగి చూసింది. పక్కదాంట్లోకి చూసింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. నేను ఫ్యాను చూశాను.

“అందరూ లేవండి,” అంది, గొంతు పెంచకుండానే. “పక్క మిషన్‌కి జరగండి. అక్కడివాళ్లు ఏం పాడుచేశారో పట్టుకోండి.”

గది ఒక్కసారి సంతలా అయింది. పక్కవాడి తప్పంటే ఎవరికైనా హుషారే కదా. ఎక్కం మిషన్ దగ్గర ఒకడు వెనక్కి తిరిగి, “పది తీసేసి ఏడెందుకు పెట్టావురా, నీకు ఎక్కం ఏడు దాకానే వచ్చా?” అన్నాడు.

“టీచర్ ప్రోగ్రాంలో ఎప్పుడూ తప్పుంటుంది కదరా,” అన్నాడు రెండోవాడు ఏడుపుమొహంతో. “కనబళ్లేదు. నేనే ఒకటి పెట్టా.”

ఒక్కో మిషనూ దారికొస్తోంది. అధికారి వాళ్ల వెనకాలే నడుస్తూ, నువ్వెలా కనిపెట్టావు, నువ్వెలా అని అడుగుతూ పోయాడు. రెండు జడల పిల్ల దగ్గర చాలాసేపు ఆగాడు. చివరికి అత్త దగ్గరికొచ్చాడు.

“మీ ప్రోగ్రాముల్లో ఎప్పుడూ తప్పులేనా?”

“అవునండి. నేనే పెడతాను.”

“మరి ఇవాళ?”

“ఇవాళ ఎవరో పుణ్యం కట్టుకున్నారండి.”

ఆయనకి అర్థమైందో లేదో గానీ, గది ఈ ఏడాదికి ఉండనివ్వమని పెద్దమాస్టారితో చెప్పి వెళ్లాడు. పెద్దమాస్టారు సంతోషించి, పాత బల్లలు మాత్రం ఓ పక్కగా సర్దుకోమన్నారు. పనిలో పనిగా మార్కులు కూడా ఎక్కించి పెట్టమన్నారు, మిషన్లు ఎలాగూ ఉన్నాయి కదా అని.

పిల్లలు వెళ్లిపోయాక అత్త చెప్పులు విడిచి, వాచిన కాళ్లు పాత బల్ల మీదికి చాపుకుంది. తిట్లు పడతాయని కాచుకున్నాను. ఆవిడ కళ్లు మూసుకుంది. దాంతో నాకు ధైర్యం వచ్చింది, నోరు ఊరుకోలేదు.

“అత్తా, నిజం చెప్పు. నేను తప్పులన్నీ దిద్దబట్టే కదా నీ గది నిలబడింది?”

ఆవిడ కళ్లు తెరవకుండానే మూలమిషన్‌వైపు చెయ్యి చూపించింది.

“అన్నీ ఎక్కడ దిద్దావురా? దానికి రెండూ ఒకే అంకె ఇచ్చి చూడు, నోరు మెదపదు. ఆ రెండు జడల పిల్ల రాగానే పట్టేసింది. కుర్చీ లాక్కుని కూర్చో, ఏడో తరగతి పాఠం అది.”