గంటల దిబ్బ మీద మా బావ పేరు

దయ్యాల కథలు నేను చెప్పేవాణ్ణే గాని నమ్మేవాణ్ణి కాదు. మైపాడు పక్కన మా పాలెంలో పిల్లకాయల్ని భయపెట్టడానికి వాడే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. ఐసు ఫ్యాక్టరీ వెనక తిరిగే తల లేని గేదె నాదే. సరుగుడు తోపులో దగ్గే ముసలాయన కూడా నావాడే. సొంతంగా తయారు చేసుకున్న సరుక్కి ఎవడైనా భయపడతాడా?

అందుకే ఈ సంగతి చెబితే ఊళ్ళో ఒక్కడూ నమ్మలేదు. ‘రమణయ్య ఇంకోటి అల్లినాడు’ అని నవ్వి పోయారు. నవ్వనీండి. నమ్మమని నేనెవర్నీ బతిమాలడం లేదు. జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను, అంతే.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు యాభై దాటాయి. పుట్టింది చేపల వేటకు పోయే ఇంట్లో. కాని పడవ మొదటి అల దాటకముందే నా కడుపులోది బయటికి వచ్చేస్తుంది. తాతల నాటి నుంచి సముద్రం మీద బతికిన ఇంట్లో ఇంతకన్నా నామర్దా ఇంకోటి ఉండదు. అందుకని ఒడ్డునే ఉండి పడవల ఇంజన్లు బాగు చేస్తాను. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో ఒక కంప్యూటరు. కంప్యూటరు కొన్నది ఇంజన్ల బొమ్మలు చూసుకోవడానికి. అది ఆటలకు అలవాటు పడింది గాని, నేను పడలేదు.

ఆట పేరు చెప్పను. చెబితే మీరు పోయి ఆడతారు. అందులో మన మనిషి ఓడ మునిగి ఒక దీవిలో పడతాడు. కట్టెలు కొట్టుకోవాలి, నిప్పు రాజేసుకోవాలి, మంచినీళ్ళు వెతుక్కోవాలి, ఆకలికీ జబ్బుకీ చావకుండా ఒక పెద్ద పడవ కట్టుకుని బయటపడాలి. నేను వాంతి చేసుకోకుండా చిన్న తెప్పయినా నడిపింది జన్మలో అక్కడే.

ఆటలో నాకు జోడీ మా పోలయ్య బావ, అంటే మా అక్క నాగమ్మ మొగుడు. ఆరడుగుల మనిషి, వేటలో అంత నేర్పరి మా పాలెంలో లేడు. వేట నిషేధం రెండు నెలలు పడవలన్నీ ఒడ్డెక్కితే బావకు కాలూ చెయ్యీ ఆడవు. మధ్యాహ్నాలు మా షెడ్డుకొచ్చి కూర్చుంటాడు. ఆయన పేరు కూడా ఆటలో ఎక్కించి, ఇద్దరం కలిసి దీవి మీద పడ్డాం. రెండు నెలల్లో గుడిసె కట్టినాం, చేపలు ఎండేశాం, పడవ ముప్పాతిక తయారు చేశాం. ఇంకొక్క దూలం కావాలి. అది గంటల దిబ్బ మీద ఉంది.

ఆ పేరు మేం పెట్టుకున్నదే. దీవికి ఉత్తరాన నల్ల ఇసుక దిబ్బ. దాని చుట్టూ గుంజలు, గుంజ గుంజకీ గంటలు, నడుమ ఒక రాతి గట్టు. పాతకాలంలో ఎవరో ఏదో పూజ చేసి, మధ్యలో వదిలేసి పారిపోయినట్టు ఉంటుంది. లోపల అడుగు పెడితే డప్పులు మొదలవుతాయి. గుంజల వెనక నుంచి ముసుగు మనుషులు బయల్దేరతారు. అక్కడ చచ్చినవాడికి దిబ్బ మళ్ళీ దారివ్వదు. వదిలిపెట్టింది ఏదైనా ఇక అక్కడే.

“నేను లేకుండా దాని మీదికి పోబాక బామ్మర్దీ, పోతే ఇద్దరం పోవాల” అని బావ నా దగ్గర మాట తీసుకున్నాడు.

“ఆటకు కూడా భయపడతా ఉండావే, నువ్వేం మొగోడివి బావా” అన్నాను.

“ఆటో పాటో, గంటలు కట్టిన చోట తలదూర్చబాక” అన్నాడు.

నిషేధం అయిపోయింది. పడవలు దిగాయి. బావ ఇంజన్ నేనే విప్పి కడిగి బిగించాను. మూడో రోజు అనుకుంటాను, బావ తెల్లారకముందే ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వేటకు పోయాడు. పొద్దున పదింటికి షెడ్డులో పని లేదు. సాయంత్రం బావ ముందు దూలం పెట్టి మీసం తిప్పాలనిపించింది. ఒక్కణ్ణే దిబ్బ మీదికి పోయాను.

ముసుగు మనుషుల్ని తప్పించుకుని రాతి గట్టు చేరాను. దూలం అక్కడే ఉంది. తీసుకోబోతే తెర మీద అక్షరాలు వచ్చాయి. నీ జట్టులో ఒకరి పేరు ఇక్కడ వదిలిపెడితేనే దూలం కదులుతుంది, ఆ మనిషి ఇక్కడే కాపలా ఉండాలి అని. కింద రెండే పేర్లు, నాదీ బావదీ. నా పేరు పెడితే దూలం మోసేదెవరు? నవ్వుకుంటూ బావ పేరు మీద నొక్కాను. ఒక గంట మోగింది. గుంజ దగ్గర ఒక మనిషి బొమ్మ చతికిలబడింది. నేను దూలం భుజానేసుకుని గుడిసె దగ్గరికి వచ్చి, ఆట అక్కడితో వదిలేశాను.

ఇక్కడ మా పాలెం కట్టడి ఒకటి చెప్పాలి. వేటకు పోయిన మనిషిని, తిరిగి ఒడ్డెక్కిందాకా పేరు పెట్టి పిలవం. పడవలో వాళ్ళు కూడా ఒకళ్ళనొకళ్ళు అన్నా, మామా, ఓయ్ అనుకోవాల్సిందే. ఒడ్డున ఆడోళ్ళు ‘మావాళ్ళు వచ్చినారా’ అంటారు గాని పేరెత్తరు. ఒకవేళ నీళ్ళ మీద ఎవరైనా పేరు పెట్టి పిలిచినా పలకకూడదు. ఎందుకని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. మా నాయన పలకలేదు, వాళ్ళ నాయన పలకలేదు. ఈ కట్టడి నాకు తెలియక కాదు. కంప్యూటరులో దీవికీ మన సముద్రానికీ ఏం సంబంధం అనుకున్నాను. ఇప్పటికీ వాదనకు కూర్చుంటే అదే అంటాను.

పదకొండున్నరకల్లా పడవలన్నీ వచ్చేశాయి. బావ పడవ రాలేదు. పన్నెండైంది. మా అక్క ఇసకలో చెప్పుల్లేకుండా పరుగెత్తుకుంటూ షెడ్డుకొచ్చింది.

“ఒరే రమణా, మీ బావ పడవ రాలా. పక్క పడవోళ్ళు చూసినారంట, ఇంజను ఆగి తూర్పుకి కొట్టుకపోతా ఉందంట. వీళ్ళు వల లాక్కొని పొయ్యేసరికి కంటికి కనపడలేదంట. ఏం బిగించినావురా నువ్వు?”

“ఇంజనుకేం కాదక్కా. అది గడియారం మాదిరి ఉంది.”

“గడియారం నీ తలకాయ! మనిషి యాడ?”

ఫోను చేస్తే అందడం లేదు. వెతకడానికి రెండు పడవలు బయల్దేరాయి. నేనూ వస్తానంటే ‘నిన్ను మోసేదెవరు’ అని తోసేశారు. నిజమే. అక్కను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. అప్పుడు నా చూపు తెర మీద పడింది.

ఆట గుడిసె దగ్గర వదిలేశానని చెప్పాను కదా, తెర మీద నా గుడిసె ఉండాలి. గుడిసె లేదు. గంటల దిబ్బ ఉంది. గుంజ దగ్గర మనిషి ఉన్నాడు. ఇంతకు ముందు చతికిలబడి ఉన్నవాడు ఇప్పుడు గొంతుక్కూర్చుని, కుడి చెయ్యి చెవి వెనక పెట్టుకుని వింటున్నాడు. ఈ ఆట నేను రెండు నెలలు ఆడాను. అందులో మనుషులు నిలబడతారు, కూర్చుంటారు, పడి చస్తారు. చెవి వెనక చెయ్యి పెట్టుకోవడం అందులో లేదు.

మా అక్క కూడా చూసింది. ఆమెకు కంప్యూటరంటే టీవీకి చిన్న చెల్లెలు, అంతే. “అదేందిరా, మీ బావ మాదిరే కూర్చోనుండాడు” అంది.

నేను తెర ఆర్పెయ్యబోయేసరికి ఆమెకు అర్థమైంది. “ఏం చేసినావు?”

చెప్పాను. గూబ మీద ఒకటి పడింది. యాభై ఏళ్ళొచ్చాక అక్క చేతి దెబ్బ తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

“నీళ్ళ మీద ఉన్న మనిషి పేరు పెట్టినావా? తియ్యి. ఇప్పుడే తియ్యి.”

“ఇది ఉత్త బొమ్మక్కా...”

“బొమ్మయితే తియ్యడానికి నీకేం నొప్పి?”

కూర్చున్నాను. డప్పులు మొదలయ్యాయి. ముసుగు మనుషులు పొద్దున ముగ్గురే ఉన్నారు, ఇప్పుడు ఏడుగురు. ఇక్కడ చస్తే దారి మూసుకుంటుంది, బావ పేరు అక్కడే ఉండిపోతుంది. మా అక్క నా భుజం గుద్దుతూ “ఎనకాల ఉండాడు, ఎనకాల! పక్కకు పోరా సచ్చినోడా!” అని అరుస్తోంది. ఒక దెబ్బ తగిలింది, ఇంకోటి తగిలింది. ప్రాణం గీత సన్నగా ఎర్రగా మిగిలింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఒక బొమ్మల కొంపకు వచ్చి మా బావను అడుక్కోవడమా? ‘రాండిరా చూస్తా’ అని చేతిలో కాగడాతో వాళ్ళ మధ్యలోకే దూరి గట్టు ఎక్కాను.

పేరు తీసెయ్యడానికి వీలు లేదు. మార్చడానికే వీలుంది. బావ పేరు పోవాలంటే నా పేరు పెట్టాలి.

అక్క నా వైపు చూసింది. ఆమె పెట్టమనలేదు, వద్దనలేదు. తమ్ముడూ కావాలి, మొగుడూ కావాలి, ఏం చెబుతుంది? నేనే నొక్కాను. గంట మోగింది. చెవి వెనక చెయ్యి పెట్టుకున్న మనిషి లేచి ఇసకలో నడుచుకుంటూ పోయాడు. నా మనిషి గుంజ దగ్గర కూలబడ్డాడు. మీటలు ఎంత నొక్కినా లేవలేదు. కంప్యూటరు గడియారం ఒకటీ పది చూపిస్తోంది. గుర్తుంచుకోవాలని గోడ మీద సుద్దతో రాశాను, ఆ రాత ఇంకా ఉంది.

మూడు దాటాక బావ పడవ వచ్చింది. ఎవరూ లాక్కురాలేదు, సొంత ఇంజను మీదే వచ్చింది. అక్క నీళ్ళలోకి మోకాలి లోతు పోయి ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చింది. బావ ఆమెను ఓదార్చలేదు. నేరుగా నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

“పొద్దున్నించి నన్ను ఎందుకు పిలిచినావురా?”

ఆయన చెప్పింది ఇదీ. పదింటప్పుడు ఒడ్డు వైపు నుంచి ఎవరో ‘పోలయ్యా’ అని పిలిచారట. నా గొంతే. ఆ మాటతోనే ఇంజను ఆగిపోయింది. హ్యాండిలు ఎంత తిప్పినా రాలేదు. పడవ తూర్పుకి కొట్టుకుపోతూనే ఉంది, పిలుపు మాత్రం దూరం కాలేదు. పలకకూడదని పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. పడవలో ఉన్న మిగతా ఇద్దరినీ విడివిడిగా అడిగాను. వాళ్ళకు ఏ పిలుపూ వినపడలేదట. ‘అన్న చెవి ఎనక చెయ్యి పెట్టుకోని ఒకటే ఇంటా కూర్చున్నాడు, మేం పలకరిస్తే చెయ్యి అడ్డం పెట్టినాడు’ అన్నారు ఇద్దరూ. మధ్యాహ్నం సద్ది విప్పే వేళకు పిలుపు ఆగింది. హ్యాండిలు ఒక్కసారి తిప్పితే ఇంజను అందుకుంది.

మా అక్క నా దగ్గరే కూర్చుని ఉంది ఆ మధ్యాహ్నమంతా. షెడ్డులో జరిగింది ఆమె బావతో చెప్పకముందే ఆయన ఇవన్నీ చెప్పాడు.

ఊళ్ళో వాళ్ళ లెక్క వేరు. రమణయ్య ఇంజను సరిగా బిగించలేదు, మాట పడాల్సొస్తుందని దయ్యం కథ కట్టాడు, అంటారు. సరే, నలుగురి ముందు ఆ ఇంజను విప్పి గుడ్డ మీద పరిచాను. ఒక్క లోపం చూపించండి అన్నాను. ఎవరూ చూపించలేకపోయారు. ‘విప్పేటప్పుడే సర్దేసుంటాడు’ అన్నారు. ఇలాంటి వాళ్ళతో ఏం వాదిస్తాం?

బావ మాత్రం వారం తర్వాత వచ్చి, “నేను పోయి నా పేరు పెడతా, నువ్వు బయటికి రా” అన్నాడు. నేనే ఆయన్ని కంప్యూటరు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. నా పేరు అక్కడే ఉంది. ఉండనీ.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పి ముగిస్తాను. ఒక మధ్యాహ్నం అన్నాలు తిని, బావ షెడ్డులో చాప మీద నిద్రపోతున్నాడు. నేనూ అక్కా పక్కనే ఉన్నాం. బయట సముద్రం వైపు నుంచి ‘రమణయ్యా’ అని వినపడింది.

“మీ బావ పిలస్తా ఉండాడు, పో” అంది అక్క అలవాటుగా. అనేసి, చాప మీద గురక పెడుతున్న మనిషిని చూసి కొయ్యబారిపోయింది.

అచ్చంగా బావ గొంతే. మళ్ళీ పిలిచింది. నేను లేచి గుమ్మంలోకి పోయాను. రోడ్డు మీద ఒక్క పిట్ట లేదు, ఇసక సెగలు కక్కుతోంది. పలకబాకరా అని అక్క వెనక నుంచి నా నోరు మూయబోయింది. ఆమె చెయ్యి తీసేసి, గొంతు చించుకుని పలికాను.

“ఆఁ! ఇక్కడే ఉండా. ఏంది?”

జవాబు లేదు. బావ ఉలిక్కిపడి లేచి, ఎవరితో మాట్లాడతా ఉండావు అన్నాడు.

ఇప్పటికి నాలుగుసార్లు పిలిచింది. నాలుగుసార్లూ పలికాను. నాకింతవరకు జలుబు కూడా చెయ్యలేదు. ఆ పిలిచేది ఏందో, మా గొంతులు దానికి ఎక్కడ దొరికాయో, ఎవరో ఆడుకోవడానికి చేసిన దిబ్బకూ మా సముద్రానికీ దారి ఎటునుంచి ఉందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. దయ్యమని మాత్రం ఒప్పుకోను. నన్ను పిలుస్తున్నంత సేపు అది ఇంకొకరిని పిలవదు, నాకు తెలిసింది అంతవరకే. అందుకే బావ వేటకు పోయిన రోజుల్లో నేను షెడ్డు వదిలి ఎక్కడికీ పోను. అది పిలిస్తే నాకు వినపడాలి కదా.